రెండు పేర్లు, ఒకటే గుమ్మం

కిందటి వారం మైత్రేయిని తాడేపల్లిగూడెంలో ఒక డాబా ఇంటి గుమ్మం ముందు, కాలింగ్ బెల్లు మీద వేలు పెట్టించి వదిలేసి వచ్చాం. బెల్లు మోగింది. లోపల ఎవరివో అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. తలుపు తెరుచుకునేలోగా, ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

మైత్రేయి ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీలో జర్నలిజం పాఠాలు చెబుతుంది. మన గోదావరి ఆడవాళ్ళు కొరియా సీరియళ్ళు ఫోన్లలో ఎలా చూస్తున్నారు, చూసి ఏమనుకుంటున్నారు అన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తోంది. పురోహితుల ఇంటి పిల్ల. తండ్రి పట్టాభిరామయ్య గారిని ఎవరైనా అడిగితే "ఏదో తూర్పు దేశాల సంస్కృతి మీదండీ" అని గొంతు సవరించుకుంటారే తప్ప, కొరియా అన్న మాట పెదవి దాటనివ్వరు. ఆవిడ పరిశోధనంతా 'మన కొరియా కబుర్లు' అనే ఫోను గ్రూపు చుట్టూ తిరుగుతోంది. అందులో వేలమంది ఉన్నా, ప్రాణం లాంటివాళ్ళు ఇద్దరే. ఒకరు, కొరియా ఊరగాయ పేరు పెట్టుకున్న 'కిమ్చీ అక్క'. రెండోవారు 'కొల్లేటి కొంగ'. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. పేర్లు తెలియవు, మొహాలు తెలియవు, గొంతులు కూడా తెలియవు. రాసుకోవడమే. ఒకరి వివరాలు రెండోవారికి చచ్చినా చెప్పనని ఇద్దరికీ మాట ఇచ్చి, మైత్రేయి విడివిడిగా కలవడానికి ఒప్పించుకుంది. కొంగని కిందటి వారమే స్టేషను దగ్గరి హోటల్లో కలిసింది. ఆ అమ్మాయి పేరు తులసి, కొల్లేటి లంకల్లో పుట్టి గూడెం కోడలయింది. ఇవాళ కిమ్చీ అక్క వంతు.

తలుపు తెరుచుకుంది. తెరిచింది తులసి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కొయ్యబారిపోయారు. ముందు తేరుకున్నది తులసే. పిండి చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ, గొంతు బాగా తగ్గించి, ఏడుపొక్కటే తక్కువగా అంది.

"ఇంటికే వచ్చేశారేంటండీ బాబూ! ఎవరికీ చెప్పనన్నారు కదండీ! మా అత్తయ్యకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా?"

మైత్రేయి అడ్రసు తప్పిందేమోనని గోడ వంక చూసింది. తప్పలేదు. కిమ్చీ అక్క చెప్పిన సపోటా చెట్టు, చెప్పిన నీలం గేటు, గేటు మీద చెప్పిన పేరు, వెంకట్రాజు. అప్పుడు అర్థమైంది ఆవిడకి. కొంగ అత్తగారే కిమ్చీ అక్క.

లోపల్నుంచి ఒక గంభీరమైన గొంతు వినిపించింది.

"బెల్లు మోగిందండీ. ఎవరొచ్చారో ఏంటో, ఈ ఇంట్లో చెప్పే దిక్కు లేదు."

ఆ మాట కోడలితో అన్నది కాదు, గాలితో అన్నది. కొన్నాళ్ళుగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య మాటలు లేవు. ఏది చెప్పాలన్నా ఒకరు ఫ్రిజ్జుకి, ఒకరు గోడ గడియారానికి చెబుతున్నారు.

"వచ్చారని చెప్పండి," అంది తులసి ద్వారబంధంతో.

తులసి అత్తగారు వీరదుర్గ బయటికి వచ్చింది. పెద్ద బొట్టు, జరీ అంచు నేత చీర, రెండు చేతుల నిండా గాజులు. మైత్రేయిని చూడగానే ఆవిడ మొహం దీపం వెలిగినట్టయింది. వెంటనే హాల్లో పేపరు చదువుకుంటున్న భర్త వైపు తిరిగి గట్టిగా అంది.

"ఏవండీ, చెప్పాను కదా, ఏలూరు నించి స్తోత్రాలు నేర్పే పంతులమ్మ గారు వస్తారని. వీరే!"

ఖర్మం కొద్దీ సరిగ్గా అదే క్షణంలో తులసి కూడా నోరు తెరిచింది. కిందటి వారం హోటలుకి వెళ్ళేటప్పుడు ఇంట్లో పన్ను నొప్పి అని చెప్పి వెళ్ళింది పాపం.

"నా పన్ను చూసిన డాక్టరు గారండీ మావయ్య గారూ!"

వెంకట్రాజు పేపరు దించాడు. భార్యని చూశాడు, కోడలిని చూశాడు, గుమ్మంలో చెమటలు కక్కుతున్న మైత్రేయిని చూశాడు.

"పళ్ళ డాక్టరు గారే స్తోత్రాలు కూడా చెబుతారాండీ?"

జర్నలిజంలో మొదటి పాఠం, అబద్ధం చెప్పకూడదని. ప్రతి ఏడూ మొదటి క్లాసులో మైత్రేయి చెప్పే పాఠమే.

"ఆయ్," అంది మైత్రేయి. "పొద్దున పూట పళ్ళు. సాయంత్రాలు స్తోత్రాలండీ."

వెంకట్రాజుకి కళ్ళు చెమర్చినంత పనైంది. "చూశావా దుర్గా! ఈ రోజుల్లో అంత చదువు చదివి కూడా సంప్రదాయం వదలని పిల్లలు ఎక్కడ దొరుకుతారే! రండమ్మా, కూర్చోండి. కూర్చునే ముందు ఒక్కసారి ఈ దవడ పన్ను..." అంటూ అక్కడికక్కడే నోరు తెరిచేశాడు.

మైత్రేయి వంగి చూసింది. చూడక తప్పలేదు. లోపల పళ్ళు చాలా కనిపించాయి.

"చన్నీళ్ళు తాగితే జివ్వుమంటుందండీ," అన్నాడు వెంకట్రాజు, నోరు తెరిచే ఉంచి.

"తాగకండి," అంది మైత్రేయి.

"అంతే చాలాండీ?"

"ప్రస్తుతానికి చాలండీ."

ఆయన ఎంతో తృప్తిగా నోరు మూసుకున్నాడు. వీరదుర్గ ఇంక ఆలస్యం చేయకుండా మైత్రేయి చెయ్యి పుచ్చుకుని దేవుడి గదిలోకి లాక్కుపోయి, లోపల గడియ వేసేసింది.

"ఆ పిల్ల మిమ్మల్ని డాక్టరంటుందేమిటమ్మా?"

"ఎవరో అనుకుని పొరబడ్డట్టున్నారండీ," అంది మైత్రేయి. ఈసారి అబద్ధం కాస్త సులువుగా వచ్చింది.

"పోనీలెండి, ఆయన నమ్మారు. అదే పదివేలు." వీరదుర్గ పీట మీద కూర్చుని, హారతి పళ్ళెం వెనక దాచిన ఫోను బయటికి తీసింది. "బయటికి వినబడాలి కదా, అప్పుడప్పుడూ పాఠంలా రాగం తీస్తూ ఉంటాను. మీరేం అనుకోవద్దు."

అని కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, మంచి భక్తిగా కొరియా నమస్కారాన్ని "అన్యోంగ్... హా... సే... యో..." అని రాగం తీసింది. బయట హాల్లో వెంకట్రాజు "ఆహా" అనడం వినిపించింది.

మైత్రేయి రికార్డరు నొక్కింది. గైడు హరిప్రియ గారి మాట చెవిలో మోగుతోంది. "చూడు, విను, రాసుకో. వాళ్ళ బతుకుల్లో మాత్రం వేలు పెట్టకు. పెట్టిన రోజున అది పరిశోధన కాదు, పంచాయితీ." వచ్చే నెల సియోల్లో సదస్సుంది. అక్కడ మైత్రేయి పేపరు అంగీకరించారు. ఆ పేపరంతా ఈ ఇద్దరి స్నేహం మీదే. అది గనక పాడైతే చూపించుకోవడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు.

"ఎలా మొదలైందండీ మీకు ఈ అలవాటు?"

"మా అబ్బాయి సూర్యతేజ పాత ఫోను ఇచ్చాడమ్మా. వాడు ఉండి ఊరి దగ్గర చేపల చెరువుల మీదే ఉంటాడు, ఇంటికి ఎప్పుడో గాని రాడు. పొద్దుపోక చూడ్డం మొదలెట్టాను. కింద పడే ఇంగ్లీషు ముక్కలు నాకు రావు. మొహాలు చూసే అర్థం చేసుకునేదాన్ని. అత్తగారు వచ్చి సోఫాలో కూర్చుని గ్లాసు అందుకుందనుకోండి, ఇంక భాషతో పనేముంది?"

మైత్రేయికి నవ్వొచ్చింది. ఆ గ్లాసు ఆవిడకీ తెలుసు. గ్రూపంతా ఇప్పుడు 'పదిహేడో అంతస్తు' అనే సీరియలు గురించే కొట్టుకుంటోంది. అందులో హీరో తల్లి, హీరోయిన్ మొహాన గ్లాసుడు నీళ్ళు కొట్టింది. ఆ వారం కిమ్చీ అక్క రాసిన తిట్లు మైత్రేయి తన పేపర్లో ఒక అధ్యాయం నిండా వాడుకుంది.

"ఆ నీళ్ళు నా మొహాన్నే పడ్డట్టయిందమ్మా," అంది వీరదుర్గ. గొంతు మెత్తబడింది. "నేను ఈ ఇంటికొచ్చినప్పుడు చిన్నపిల్లని. పులుసు పెట్టడం కూడా సరిగ్గా రాదు. మా అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, లేచి పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి, చెయ్యి కడుక్కుని వచ్చేవారు. ఒక్క మాట అనేవారు కాదు. తిట్టినా బావుండేది. ఆ మాట్లాడకపోవడం ఉంది చూశారూ, అది నీళ్ళు కొట్టడం కన్నా ఘోరం."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే గుర్తొచ్చినట్టు, ప్రేమిస్తున్నానని చెప్పే కొరియా మాటని "సా... రాం... ఘే... యో..." అని ఒక రాగం తీసి, మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

"కొల్లేటి కొంగ గారి గురించి చెప్పండి," అంది మైత్రేయి. అడక్కుండా ఉండాల్సింది. కానీ ప్రశ్నల్లో అది ఉంది.

"నా బంగారు తల్లి!" వీరదుర్గ మొహం వికసించింది. "ఆ పిల్లకి రాక్షసి అత్త దొరికిందమ్మా. పలకదట, పెదవి విప్పదట. మొగుడు ఊళ్ళో ఉండడు, పలకరించే దిక్కు లేదు. అంత చక్కని పిల్ల, చేపలమ్మే కొరియా ముసలమ్మని చూసినా వాళ్ళమ్మ గుర్తొచ్చి ఏడుస్తుంది. నేనే ధైర్యం చెప్పాను. మీ ఆయన్ని అడిగి వేరు కాపురం పెట్టించుకో, ఆ ముసల్దాన్ని గోడలు చూసుకుంటూ ఉండమను, అని."

మైత్రేయి నోట్సు తిరగేసింది. "ఆ అమ్మాయి మీకూ ఏదో సలహా ఇచ్చినట్టు గ్రూపులో చూశానండీ. మీ తోటికోడలి గురించి."

"తోటికోడలు కాదమ్మా, మా కోడలే. గ్రూపులో నా వయసు కాస్త తగ్గించి రాశాను, అందుకని అలా చెప్పాల్సొచ్చింది." వీరదుర్గ సిగ్గుపడింది. "ఏం చేసినా ముభావంగా ఉంటుందమ్మా ఈ పిల్ల. గదిలో దూరి తలుపేసుకుంటుంది. అడిగితే కొంగే చెప్పింది, ఆవిడ వండింది ముట్టుకోవద్దక్కా, మాట్లాడ్డం మానెయ్, దారికొస్తుంది, అని. మానేశాను. దారికి రాలేదు సరిగదా, ఎదురు వేరు కాపురం అంటోంది! ఎవరో చెడబోధ చేశారమ్మా దానికి. నా కొంపకి నిప్పు పెట్టిన ఆ మనిషెవరో గాని, వాళ్ళ నోరు పడిపోను!"

"అలా అనకండి!" అంది మైత్రేయి కంగారుగా.

"ఎందుకనకూడదూ?"

"అంటే... దేవుడి గది కదండీ."

ఇంతలో వీరదుర్గ చేతిలో ఫోను టింగుమంది. గోడకవతల వంటింట్లో గిన్నె మీద మూత పడిన చప్పుడైంది. రెండు ఫోన్లకీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఫోను శబ్దం రికార్డింగుకి అడ్డమొస్తుందని చెప్పి, మైత్రేయి దాన్ని వైబ్రేషనులో పెట్టించింది.

వీరదుర్గ మెసేజి పైకి చదివింది. "అక్కా, ఇవాళే వెళ్ళిపోతున్నాం. సాయంత్రం ఆయన వచ్చి తీసుకెళతారు. అత్తయ్యకి చెప్పలేదు. చెప్పకుండా వెళ్ళాలంటే మనసొప్పట్లేదు. వెళ్ళమంటావా? నువ్వు ఎలా చెబితే అలా." ఆవిడ గర్వంగా తలెత్తింది. "చూశారా, నా మాటంటే ఎంత గురో!"

అని కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ పైకి చదువుకుంటూ టైపు చేయసాగింది. "వె... ళ్ళు... చె... ల్లీ. వె... న... క్కి... చూ... డ... కు."

మైత్రేయి ఆవిడ బొటనవేలు వంకే చూస్తోంది. ఆ వేలు ఇంకొక్కసారి కిందికి దిగితే, సాయంత్రానికి ఈ ఇంట్లో ముగ్గురిలో ఒకరు ఉండరు. ఎవరిని పంపిందో పంపినావిడకి తెలియదు, ఎవరు పంపితే వెళ్ళిందో వెళ్ళినావిడకీ తెలియదు. చెప్పెయ్యాలని మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అదే గోడకవతల, ఎవరికీ చెప్పనన్నారు కదండీ అని అడిగిన పిల్ల ఉంది. ఇవతల, తనని నమ్మి గడియ వేసిన మనిషి ఉంది. పేర్లు చెప్పే హక్కు తనకి లేదు. ప్రశ్నలు అడిగే హక్కు మాత్రం ఉంది. అందుకే కదా వచ్చింది.

"ఒక్క ప్రశ్నండీ," అంది. "పంపే ముందు."

"అడగండమ్మా."

"ఆ కొంగ గారి అత్తగారు ఎందుకు మాట్లాడరో ఎప్పుడైనా అడిగారా?"

"రాక్షసులకి కారణాలేంటమ్మా!"

"మీరు కూడా మీ కోడలితో మాట్లాడట్లేదు కదండీ. మీకు కారణం ఉంది కదా."

వీరదుర్గ బొటనవేలు గాల్లో ఆగిపోయింది.

"మీ అత్తగారు పులుసు ఉమ్మేసి ఏమీ అనేవారు కాదన్నారు," అంది మైత్రేయి మెల్లిగా. "మీ కోడలు వండింది మీరూ ముట్టుకోవట్లేదన్నారు. ఏమీ అనకుండా."

బయట వెంకట్రాజు ఎందుకో దగ్గాడు. వీరదుర్గకి రాగం తీయాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు. పెద్ద బొట్టు, జరీ అంచు, చేతుల నిండా గాజులు అన్నీ అలాగే ఉన్నాయి గాని, లోపలి మనిషి మాత్రం పులుసు పాడైందేమోనని భయపడుతున్న చిన్నపిల్లలా కనిపించింది మైత్రేయికి.

"ఆ సీరియలు చూస్తున్నంతసేపూ ఆ నీళ్ళు పడ్డ పిల్లని నేనేననుకున్నానమ్మా," అంది చివరికి. "గ్లాసు ఎవరి చేతిలో ఉందో చూసుకోలేదు."

అని, రాసిందంతా చెరిపేసి మళ్ళీ టైపు చేసింది. ఈసారి పైకి చదవలేదు. పంపాక చూపించింది. "చెప్పకుండా వెళ్ళకు చెల్లీ. ముందు మీ అత్తతో ఒక్కసారి నోరు విప్పి మాట్లాడు. పాపం, ఆవిడకి కూడా ఎవరూ లేరేమో."

ఫోను హారతి పళ్ళెంలో పెట్టేసి వీరదుర్గ లేచింది. "నేనూ నా కోడలితో మాట్లాడతానమ్మా. ఇప్పుడే. మళ్ళీ ఈ ధైర్యం ఉండదు." గడియ తీసింది. తలుపవతల తులసి నిలబడి ఉంది. ఫోను చేతిలోనే ఉంది. మొహం కందిపోయి ఉంది.

"అత్తయ్యా, మీతో ఒక మాట చెప్పాలండీ," అంది ఫ్రిజ్జుతో కాదు, అత్తతోనే.

"నేనూ చెప్పాలే తులసీ. ముందు నువ్వు చెప్పు."

"కాదండీ, ముందు మీరు."

"కూర్చుని చెప్పుకోండి," అన్నాడు వెంకట్రాజు హాల్లోంచి. ఇద్దరి నోటా అసలు మాటలు వినబడ్డందుకే ఆయన పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు.

తులసి సాయంత్రం వెళ్ళిపోయే సంగతంతా చెప్పేసింది. వేరు కాపురమంటే కోపంతో కాదని, ఈ ఇంట్లో పలకరించేవాళ్ళు లేక దిగులుతో అని చెప్పింది. నా చేతి వంట తినకుండా మీరు ఊరగాయతో లేచిపోతుంటే పొయ్యి దగ్గరే ఏడ్చేదాన్నని చెప్పింది. వీరదుర్గ వంటింట్లోకి వెళ్ళి, గారెల బేసిను తెచ్చి, ఒక గారె తీసుకుని, అందరి ఎదురుగా కొరికింది.

"ఉప్పు తక్కువైంది," అంది నములుతూ. "బాగుంది."

తులసి ఏడుస్తూనే నవ్వేసింది. మైత్రేయి కూడా కళ్ళు ఒత్తుకుంది. ఇప్పుడు మెల్లిగా చెప్పులేసుకుని వెళ్ళిపోతే ఎవరి రహస్యం వాళ్ళ దగ్గరే ఉంటుంది, తన మాటా నిలబడుతుంది, పేపరూ బతుకుతుంది. బ్యాగు భుజానికి వేసుకుంది.

"ఇదంతా నా బుద్ధి కాదే తులసీ," అంది వీరదుర్గ, రెండో గారె అందుకుంటూ. "ఫోనులో పరిచయమైన పిల్లెవరో చెబితే విన్నాను."

"అయ్యో అత్తయ్యా, ఫోను పరిచయాలు నమ్ముతారాండీ? కొంపలు కూల్చే మనుషులు! నాకూ ఒక అక్క ఉంది గాని, ఆవిడ అలాంటిది కాదు. ఇవాళ మీతో మాట్లాడమని చెప్పింది ఆవిడే."

"ఫోను అక్కా? వేరు కాపురం మాట నీకు ఎక్కించింది అదేనా?" వీరదుర్గ గొంతు మళ్ళీ లేచింది. "దాని మొహం చూశావా? గొంతు విన్నావా? ఆడదో, ఆడదాని పేరు పెట్టుకున్న మగాడో ఎవరికి తెలుసు!"

"మా అక్కని ఏమన్నా అంటే నేనూరుకోనండీ!" తులసి మొహం ఎర్రబడింది. "కావాలంటే ఇప్పుడే ఫోను చేస్తాను. మీరే వినండి ఆ గొంతు."

"వద్దు!" అంది మైత్రేయి.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి ఆవిడ వైపు తిరిగారు.

"అంటే... భోజనాల వేళ కదండీ, ఆవిడ తింటూ ఉంటారేమో," అంది. అప్పటికే ఆలస్యమైంది. తులసి గ్రూపు తెరిచి, కిమ్చీ అక్క పేరు మీద నొక్కేసి, ఫోను స్పీకర్లో పెట్టి అత్తగారి ముందుకు చాచింది.

ఫోను మోగుతోంది. ఒకసారి, రెండుసార్లు. దేవుడి గదిలో ఇత్తడి పళ్ళెం గుర్రుగుర్రుమంటూ అదరడం మొదలుపెట్టింది. వీరదుర్గ చేతిలో గారె అలాగే ఉండిపోయింది. ఆవిడ ముందు తులసి ఫోను చూసింది. తరవాత దేవుడి గది వైపు చూసింది. తరవాత మైత్రేయిని చూసింది. మైత్రేయి ఫ్యాను చూస్తోంది.

"దుర్గా, నీ ఫోనేనే మోగేది!" వెంకట్రాజు లేచి గదిలోకి నడిచాడు. "ఎవరో కొల్లేటి కొంగంట. చెరువుల తాలూకు మనిషేమో, నేను మాట్లాడతానుండు." చక్కగా బటను నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, గొంతెత్తి పలికాడు.

"హలో! ఎవరండీ?"

ఆ మాట దేవుడి గదిలోంచి ఒకసారి, తులసి అరచేతిలోంచి ఒకసారి వినిపించింది.